మీ వాటాకు పది అర్ధరూపాయలు

మీ దగ్గర పది అర్ధరూపాయలున్నాయి. తెలుసా?

లేవంటారా? ఉన్నాయండీ. మీరు కాదన్నా ఉన్నాయి. సాక్షాత్తూ రిజర్వు బ్యాంకే చెబుతోంది. ఏటా అది వార్షిక నివేదిక వేస్తుంది. అందులో చలామణిలో ఉన్న నాణేల పట్టిక ఒకటి ఉంటుంది. ఆ పట్టికలో ‘చిన్న నాణేలు’ అని ఒక వరుస. 2011 మధ్య నుంచి చిన్న నాణెం అంటే దేశంలో మిగిలింది ఒక్కటే, యాభై పైసల బిళ్ళ. అవి ఎన్ని తిరుగుతున్నాయట? 1,47,880 లక్షలు. అంటే 1,478 కోట్ల పైమాటే. జనాభా 140 కోట్లనుకుని పంచండి. తలకు పది. ఉయ్యాల్లో పాపకూ పదే, మంచం దిగలేని తాతకూ పదే. మరి మీ పది ఏవి? అమ్ముకున్నారా? తిన్నారా? ఇంటిల్లిపాదీ వెతకండి. నలుగురుంటే నలభై దొరకాలి.

దొరక్కపోతే మీదే తప్పు. పట్టిక తప్పు చెప్పదు. ఎందుకంటే అది చెప్పింది మార్చదు. 2020 మార్చి చివర ఎన్ని? 1,47,880 లక్షలు. 2021లో? 1,47,880 లక్షలు. 2022లో? అవే. 2023లో? మళ్ళీ అవే. ఇంతమంది ప్రజలు, ఇన్ని జేబులు, ఇన్ని వరదలు, ఇన్ని పెళ్ళిళ్ళు. ఒక్క బిళ్ళ కూడా మురిక్కాలవలో పడలేదు! ఒక్క జేబుకూ చిల్లు పడలేదు! ఒక్క పిల్లాడూ ఒక్క బిళ్ళా మింగలేదు! కరోనాలో మనుషుల లెక్క తప్పింది గానీ అర్ధరూపాయల లెక్క తప్పలేదు. ఎంత జాగ్రత్తపరులమండీ మనం!

ఇంకా ఉంది. 1,47,880 లక్షల బిళ్ళలు, ఒక్కోటి అర్ధరూపాయి. సగం చేయండి. ఐదో తరగతి లెక్క. 739 కోట్ల 40 లక్షల రూపాయలు. పట్టికలో విలువ గడిలో ఎంత వేశారు? 700 కోట్లు. మిగతా ముప్పైతొమ్మిది కోట్ల నలభై లక్షలు ఏవి సార్?

కంగారు పడకండి, ఎవరూ తినలేదు లెండి. ఒకప్పుడు ఆ గడిని బిలియన్లలో, గుండుగుత్తగా ‘7’ అని వేసేవారు. కోట్లలోకి దిగినప్పుడు ఆ ఏడు పక్కన రెండు సున్నాలు తగిలించి ఉంటారు. పని అయిపోయింది. మీ రిటర్నులో ముప్పైతొమ్మిది రూపాయలు తేడా వస్తే కంప్యూటరు ఊరుకుంటుందా? దేశం లెక్కలో ముప్పైతొమ్మిది కోట్లు తేడా వస్తే మాత్రం దానికి పేరు ‘సర్దుబాటు’. పైగా లెక్క రాదని కూడా అనలేం. 2023 మే 19న రెండువేల నోటును వెనక్కి పిలిచారు. ఆనాటికి బయట ఉన్నవి 3.56 లక్షల కోట్ల రూపాయల నోట్లు. ఎంత శాతం తిరిగొచ్చాయో ఆ తర్వాత ప్రకటనల మీద ప్రకటనలు, పాయింటు పక్కన రెండంకెలతో సహా. అంటే లెక్కపెట్టడం వచ్చు. పెద్దవాళ్ళ నోటైతే లెక్కపెడతారు. పేదవాడి బిళ్ళ అయితే పాత అంకెను మళ్ళీ అచ్చేస్తారు.

సరే, బరువు చూద్దాం. స్టీలు అర్ధరూపాయి 3.79 గ్రాములు. అన్నీ అవే అనుకున్నా 56 వేల టన్నులు. ఆ లోహమంతా ఎక్కడుంది? ఎవరి గోదాములో? విశాఖ ఉక్కును అమ్మకానికి పెట్టినవాళ్ళైనా ఈ ఉక్కు సంగతి చెప్పగలరా?

ఇంత అనాథ కాదు ఈ బిళ్ళ, ఒకప్పుడు. దీని పుట్టుక మహా వైభోగంగా జరిగింది. రూపాయికి పదహారు అణాలు, అరవైనాలుగు పైసలు, నూటతొంభైరెండు పైలు. ఈ తలనొప్పి ఇక ఉండదు, అంతా వందల్లోనే అని 1955లో చట్టం సవరించారు. 1957 ఏప్రిల్ 1న ‘నయా పైసా’ దిగింది. సరిగ్గా ఏప్రిల్ ఒకటినే! ముహూర్తం ఎవరు పెట్టారో గానీ చేతికి మొక్కాలి. వందను పదహారుతో భాగిస్తే అణాకు ఆరూ పావు పైసలు. పావు పైసాకు బిళ్ళ లేదు. అందుకని అణాకు ఆరు, రెండణాలకు పన్నెండు, మూడణాలకు పందొమ్మిది అని సర్కారువారే ఒక పట్టీ వేశారు. అంటే సర్దుబాటు అనే విద్య నయా పైసాతో కవల పుట్టుక. అణా అణాగా కొనుక్కునేవాడికి ఒక లెక్క, మూడణాలకు ఒకేసారి కొనేవాడికి ఇంకో లెక్క. కొట్టువాడు ఏ లెక్క వాడి ఉంటాడో వేరే చెప్పాలా?

యాభై నయా పైసల బిళ్ళ 1960లో వచ్చింది. అచ్చమైన నికెల్. 1964లో ‘నయా’ ఊడింది. ఏడేళ్ళకే పాతబడింది మరి. డెబ్బైల్లో నికెల్ పోయి రాగి కలిపిన నికెల్ వచ్చింది. 1985లో చిల్లర కరువొచ్చి విదేశీ టంకశాలలకు పురమాయిస్తే, కొన్ని అర్ధరూపాయలు దక్షిణ కొరియాలో అచ్చయి ఓడెక్కి వచ్చాయి. స్వాతంత్ర్యం వచ్చిన ముప్పైఎనిమిదేళ్ళకు అర్ధరూపాయి దిగుమతి! 1988 నుంచి స్టెయిన్‌లెస్ స్టీలు. లోహం దిగిన కొద్దీ బొమ్మ మాత్రం ఎక్కింది. దేశపటం, అందులో పార్లమెంటు భవనం. పార్లమెంటుకు అర్ధరూపాయి ఖరీదు కట్టింది నేను కాదు. భారత ప్రభుత్వ టంకశాల.

తర్వాత ‘హస్తముద్రలు’ వచ్చాయి. రూపాయి మీద ఎత్తిన బొటనవేలు. రెండు రూపాయల మీద రెండు వేళ్ళు. 2008 అర్ధరూపాయి మీద మూసిన పిడికిలి. లోపల ఏముందో అడక్కండి. 2011లో ఇంకో ముఖం ఇచ్చారు. 2019 మార్చిలో ప్రధానమంత్రి కొత్త నాణేల వరుస విడుదల చేశారు. ఒకటి, రెండు, ఐదు, పది, ఇరవై. చూపు లేనివారు తడిమి గుర్తుపట్టేలా చేశామన్నారు. మంచి పని. అర్ధరూపాయి ఏది? లేదు. చచ్చిందా? చావలేదు. బతికుందా? కనబడదు.

తోబుట్టువుల గతి చూస్తే ఇదే నయం. ఒకటి, రెండు, మూడు పైసల అల్యూమినియం బిళ్ళలు ఊదితే ఎగిరిపోయేవి. ఎగిరేపోయాయి. తామరపువ్వు ఇరవై పైసల ఇత్తడి బిళ్ళలు లక్ష్మీపూజ పళ్ళేల్లోకి చేరి పుణ్యం సంపాదించుకున్నాయి. పావలా, దాని కింద ఉన్నవన్నీ 2011 జూన్ 30 నుంచి చెల్లవన్నారు. ఆర్నెల్ల ముందు నోటిఫికేషన్, బ్యాంకుల్లో మార్చుకునే వీలు. కనీసం వాటికి చావు తేదీ అయినా ఉంది. తద్దినం పెట్టుకోవచ్చు.

తెలుగువాళ్ళకు పావలా అంటే వట్టి బిళ్ళ కాదు. ఓట్లు రాల్చిన బిళ్ళ. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో డ్వాక్రా అక్కచెల్లెళ్ళకు ‘పావలా వడ్డీ’ అన్నారు. ఊరూరా గోడల మీద పావలా. తర్వాత పావలా పోయి ‘వడ్డీ లేని రుణం’ వచ్చింది. ఇప్పుడు వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్ళి చూడండి. ‘నూటికి రూపాయిన్నర’ అంటాడు. ‘నీకు కాబట్టి రెండున్నర’ అంటాడు. దేశం మొత్తంలో అర్ధరూపాయిని ఇంత ఖచ్చితంగా, ఇంత గౌరవంగా వసూలు చేస్తున్నది అతనొక్కడే. అతని పద్దులో దానికి చావు లేదు.

మరి చట్టం ఏమంటోంది? 2011 నాణేల చట్టం ప్రకారం అర్ధరూపాయి నిక్షేపంలా చెల్లుతుంది. కాకపోతే ఒక సరదా షరతు ఉంది. రూపాయి, ఆపై నాణేలతో వెయ్యి రూపాయల దాకా బాకీ తీర్చొచ్చు. అర్ధరూపాయలతో అయితే పది రూపాయల దాకే. అంటే ఇరవై బిళ్ళలు దాటితే అవతలివాడు వద్దనొచ్చు, చట్టబద్ధంగా. అదే చట్టంలో ఇంకో మాట. నాణేన్ని కరిగిస్తే, ధ్వంసం చేస్తే ఏడేళ్ళ దాకా జైలు, జరిమానా. వాడదామంటే తీసుకునేవాడు లేడు. కరిగిద్దామంటే జైలు. పారేద్దామంటే మనసొప్పదు. అత్తగారింట్లో పెద్దల్లుడికైనా ఇంత మర్యాద ఉండదు.

సందేహముంటే మీరే ఒక రౌండు వేసి రండి. అటక మీద పాత హార్లిక్స్ సీసాలో నాలుగైనా దొరుకుతాయి. తీయండి. వెలుతురులో పెట్టి సంవత్సరం కింద చూడండి. చుక్క ఉంటే నోయిడా, డైమండు గుర్తుంటే ముంబై, ఏమీ లేకపోతే కోల్‌కతా. బుల్లి నక్షత్రముంటే మన హైదరాబాదు టంకశాల. నిజాం కాలపు సైఫాబాదు భవనం నుంచి 1997లో చర్లపల్లికి మారింది. మనవాళ్ళ చేతిపని అది. జేబులో వేసుకుని బయల్దేరండి.

మొదట కిరాణా కొట్టు. ‘ఏంటి సార్, ఎక్కడ తవ్వి తీశారు?’ అని నవ్వి కొట్టతను పక్కనున్న కుర్రాడికి చూపిస్తాడు. ఆ కుర్రాడు బిళ్ళను అటూ ఇటూ తిప్పుతాడు. వాడు పుట్టాక దాన్ని చూడటం అదే మొదలు. తర్వాత సిటీ బస్సు. ‘అన్నా, ఇవి నడుస్తలేవన్నా’ అంటాడు కండక్టరు. పాపం, అతని తప్పు లేదు. డిపోలో లెక్క కట్టేటప్పుడు అతన్నీ అదే అంటారు. సరే, బ్యాంకుకు వెళ్ళండి. చెల్లదన్న మాట అనకూడని చోటు అదే కదా? కౌంటరులో ఆవిడ తల ఎత్తదు. ‘ఇవి తీసుకోవట్లేదండీ.’ ‘రిజర్వు బ్యాంకు తీసుకోమంది కదమ్మా?’ ‘అయితే రిజర్వు బ్యాంకులోనే ఇచ్చుకోండి.’ మీ వెనక వరుసలో ఉన్నాయన ‘కానివ్వండి సార్, అర్ధరూపాయికి గొడవేంటి’ అంటాడు. అదీ దెబ్బ! నియమం మీ పక్షాన ఉంటుంది, జనం నవ్వు అవతలి పక్షాన ఉంటుంది.

నాణేలన్నీ తీసుకోవాలని బ్యాంకులకు రిజర్వు బ్యాంకు ఆదేశాలు ఇవాళ్టివి కావు. రూపాయి, రెండు రూపాయల బిళ్ళలైతే లెక్కపెట్టక్కర్లేదు, ఉల్లిపాయల్లా తూకం వేసైనా తీసుకోండని కూడా చెప్పింది. అర్ధరూపాయికి ఆ తక్కెడ యోగం కూడా లేదు. చివరికి మిగిలేది గుడి హుండీ. అదొక్కటే కాదనదు. దానికి నోరు లేదు కాబట్టి.

ఇంతకీ పైసలు దేశంలో లేవా? ఎందుకు లేవు! మీరు ఇవ్వడానికి లేవు. మీ దగ్గర వసూలు చేయడానికి బోలెడన్ని ఉన్నాయి.

2022 మే నుంచి దాదాపు రెండేళ్ళు హైదరాబాదులో లీటరు పెట్రోలు 109 రూపాయల 66 పైసలు. ఆ అరవైఆరు పైసలు ఏ బిళ్ళతో కట్టాలి? ఒక అర్ధరూపాయి, ఒక పదహారు పైసలు. పదహారు పైసల బిళ్ళ ఏ రాజు కొట్టించాడు? అందుకే మనం లీటరు అడగడం మానేసి ‘రెండొందలకి కొట్టు’ అంటున్నాం. మనకది చిల్లర. రోజుకు కోట్ల లీటర్లు అమ్మే కంపెనీకి లీటరు మీద ఒక్కో పైసా ఒక్కో భోషాణం. అక్కడ పైసాకు విలువ లేదని ఎవరనగలరు?

కరెంటు చూడండి. తెలంగాణలో మొదటి యాభై యూనిట్ల శ్లాబుకు యూనిట్ 1 రూపాయి 95 పైసలు. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి ముప్పై యూనిట్లకు 1 రూపాయి 90 పైసలు. పేదవాడి గుడిసెలో ఫ్యాను రెక్క తిరిగితే తొంభైఐదు పైసల దాకా లెక్క. అదే పేదవాడు అయిదు పైసలు చేతిలో పెడితే పురావస్తు శాఖకు ఫోను చేస్తారు. స్టాకు మార్కెట్‌కు వెళ్ళండి. 2024 జూన్ నుంచి ఎన్‌ఎస్‌ఈలో 250 రూపాయల లోపు షేర్లకు ధర ఒక్కో పైసా చొప్పున కదలొచ్చన్నారు. పైసా బిళ్ళ ఎప్పుడో చచ్చిపోయింది. దాని ఆత్మ దలాల్ స్ట్రీట్‌లో సుఖంగా ఉంది.

రైలు టికెట్టు ఆన్‌లైన్‌లో కొంటే బీమా ఇస్తారు. 2023 జూన్‌లో బాలాసోర్ దగ్గర రైళ్ళు గుద్దుకునే నాటికి ఆ బీమా ప్రీమియం ముప్పైఐదు పైసలు. పది లక్షల ప్రాణానికి ముప్పైఐదు పైసలు! ప్రైవేటు బ్యాంకు అడిగితే నవ్వుకోవచ్చు. ఇక్కడ అడిగింది రైల్వే సంస్థ. పావలానూ పది పైసలనూ చెల్లవని పాతిపెట్టిన సర్కారే, ఆ రెండూ కలిపి కట్టమంది. కంప్యూటరుకు చేతులు లేవు కాబట్టి బిళ్ళ అక్కర్లేదంటారు. మరి చేతులున్నవాడి సంగతో?

ఇది ఇంకా నయం. 2017లో ఉత్తరప్రదేశ్‌లో రైతు రుణమాఫీ జరిగింది. సభ పెట్టారు, ధ్రువపత్రాలు పంచారు. మథురలో ఒక రైతుకు మాఫీ అయిన రుణం ఎంత? ఒక్క పైసా. అక్షరాలా ఒక్క పైసా. దండ ఖరీదెంత? మైకు సెట్టు అద్దె ఎంత? ఆ కాగితం ముద్రించిన సిరా ఎంత?  లెక్క మాత్రం తప్పదు. రైతు దగ్గరికి వచ్చేసరికి మన యంత్రాంగానికి పైసా వరకు కళ్ళు కనబడతాయి.

పన్ను దగ్గర ఏం చేస్తారో చూశారా? జీఎస్టీ చట్టం 170వ సెక్షను. పన్ను దగ్గరి రూపాయికి సర్దాలి. యాభై పైసలు, ఆపైన ఉంటే రూపాయి చేయాలి. యాభై లోపు అయితే వదిలేయాలి. సరిగ్గా అర్ధరూపాయి దగ్గర ఆగితే? అది సర్కారుకే! బజారులో ఎవరికీ అక్కర్లేని బిళ్ళ, పన్ను కాగితం ఎక్కగానే రూపాయి అయిపోయింది. రీఫండుకూ ఇదే న్యాయమని చట్టంలోనే రాశారు. మంచిదే. ముందు రీఫండు రానివ్వండి.

ఇంత దేశంలో అర్ధరూపాయికి న్యాయంగా దొరికే సరుకు ఏదైనా ఉందా? ఉంది. పోస్టుకార్డు. ఇప్పటికీ ధర యాభై పైసలు. దాన్ని మోసి, ముద్ర కొట్టి, గుమ్మంలో ఇవ్వడానికి తపాలాశాఖకు ఎంతవుతుంది? 2016-17 నివేదిక ప్రకారం పన్నెండు రూపాయల పైచిలుకు. నష్టమే. కానీ ఈ వ్యాసం మొత్తంలో మాట నిలబెట్టుకుంటున్న ప్రభుత్వ విభాగం ఇదొక్కటే కనబడింది నాకు. ఎండలో సైకిలు తొక్కే పోస్టుమాన్ పుణ్యమా అని అర్ధరూపాయికి అర్థం మిగిలింది. అదీ కార్డులు స్టాకు ఉన్నరోజున.

నాణెం కొట్టడమే దండగ ఖర్చని ఢిల్లీలో కొందరు మేధావులు అంటారు. నిజమే, 2018లో సమాచార హక్కు కింద అడిగితే బయటపడింది. రూపాయి బిళ్ళ తయారీకి అయ్యే ఖర్చు 1 రూపాయి 11 పైసలు. చారాణా కోడికి బారాణా మసాలా. కానీ అదే జవాబులో పది రూపాయల బిళ్ళ ఖర్చు 5 రూపాయల 54 పైసలు. ప్రభుత్వం టంకశాలలో కొట్టి రిజర్వు బ్యాంకుకు ముఖవిలువకు ఇస్తుంది. అంటే పది రూపాయల బిళ్ళ మీద నాలుగు రూపాయల పైన లాభం. ఆ లాభం గురించి మేధావులు మాట్లాడరు. రూపాయి మీద పదకొండు పైసల నష్టానికి మాత్రం కళ్ళనీళ్ళు. పైసలకు విలువ లేదన్నారుగా మరి? ఏడవడానికి ఉందా?

ప్రణాళిక సంగతి చెప్పాలంటే 2018 జనవరి ఒక్కటి చాలు. నోయిడా, ముంబై, కోల్‌కతా, హైదరాబాదు. నాలుగు టంకశాలల్లోనూ నాణేల తయారీ ఆపేశారు. ఎందుకు? గోదాములు నిండిపోయాయి. కొట్టిన బిళ్ళలు పెట్టుకోవడానికి చోటు లేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే కొట్లలో మనం ఏం తీసుకుంటున్నాం? చిల్లర లేదని చాక్లెట్టు. టంకశాలలో బిళ్ళల గుట్ట, నా జేబులో కరిగిన చాక్లెట్టు. మధ్యలో ఉన్నది ఎవరు? పంపిణీ చేయాల్సినవాడు. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

అంతకు పదేళ్ళ ముందు కథ ఇంకా విడ్డూరం. 2007లో తూర్పున చిల్లర మాయమైంది. ఎక్కడికెళ్ళింది? బంగ్లాదేశ్‌కు. ఎందుకు? కరిగించి గడ్డం గీసుకునే బ్లేడ్లు చేయడానికి. ఒక రూపాయి బిళ్ళకు అయిదారు బ్లేడ్లట. అస్సాం తేయాకు తోటల్లో కూలీలకు చిల్లర బదులు అట్టముక్కలిచ్చారు. మన ప్రభుత్వం రూపాయి విలువ తెలుసుకోకముందే పక్కదేశం బ్లేడు దొంగ తెలుసుకున్నాడు!

మరి అర్ధరూపాయిని ఎందుకు చంపరు? పెద్దనోట్లకు ఏమాత్రం మొహమాటపడలేదే! 2016 నవంబరు 8, రాత్రి ఎనిమిదింటికి ప్రసంగం, పన్నెండింటికి చావు. నాలుగు గంటలు. అయిదొందలూ వెయ్యీ చెల్లకుండా పోయాయి. జనం బ్యాంకుల ముందు వరుసల్లో నిలబడ్డారు. అంత మగతనం చూపించినవాళ్ళు అర్ధరూపాయి దగ్గర ఎందుకు వణుకుతున్నారు?

ఎందుకంటే పెద్దనోటును చంపితే నల్లధనం మీద యుద్ధమంటారు. అర్ధరూపాయిని చంపితే ఏమనాలి? ధరలు ఇంత పెరిగాయని ఒప్పుకోవాలి. అర్ధరూపాయితో కొనేదేమీ లేదని గెజిట్‌లో అచ్చేయాలి. అది ఏ ఆర్థికమంత్రికి నచ్చుతుంది? అందుకే దాన్ని పూడ్చరు, బతకనివ్వరు. పట్టికలో పడుకోబెట్టి ఏటా కొత్త దుప్పటి కప్పుతారు. బజారే దాన్ని చంపాలి. ప్రభుత్వం చేతులకు మరక అంటకూడదు. కొట్టువాడు వద్దన్నాడు, కండక్టరు వద్దన్నాడు, మేమెప్పుడు వద్దన్నాం? ఇంత తెలివైన హత్య డిటెక్టివ్ నవలల్లోనూ ఉండదు.

ఈ పద్ధతి బాగా పనికొచ్చింది కాబట్టి తర్వాతి వంతు రూపాయిది. 2022 మార్చిలో అప్పటి టీఎస్‌ఆర్టీసీ చిల్లర సమస్య అని చెప్పి పల్లెవెలుగు చార్జీలను అయిదు రూపాయల లెక్కకు సర్దింది. ఒకచోట తగ్గింది, ఒకచోట పెరిగింది. సరే, కండక్టరుకు, ప్రయాణికుడికి తగాదా తప్పింది, కాదనను. టికెట్టు వెనక ‘బాకీ 3’ అని రాసిచ్చి, దిగేటప్పుడు వెతుక్కునే దిక్కుమాలిన బతుకు అందరం చూసినవాళ్ళమే. కానీ రూపాయి, రెండు రూపాయల బిళ్ళలు కొట్టే దేశంలో, ప్రభుత్వ బస్సే ‘మాకవి వద్దు’ అంటే ఏమిటర్థం? టంకశాలకు, డిపోకు మధ్య ఫోను లేదా?

పది రూపాయల బిళ్ళ సంగతి మీకు నేను చెప్పాలా? అది నకిలీదని ఎవడో వాట్సాప్‌లో పెట్టాడు. అంతే, మన రెండు రాష్ట్రాల్లో కొట్లు వద్దన్నాయి, ఆటోలు వద్దన్నాయి. రూపాయి గుర్తు లేదని కొందరు, గీతలు తక్కువున్నాయని కొందరు. వీధికో నాణేల నిపుణుడు! 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు చెప్పింది. పద్నాలుగు డిజైన్లున్నాయి, అన్నీ చెల్లుతాయి. చెప్పాక ఏం చేసింది? బిళ్ళ తిరస్కరించిన బ్యాంకు శాఖ మీద గట్టి చర్య కనబడిందా? లేదు. జనానికి ఎస్‌ఎంఎస్ పంపింది. ఒక నెంబరు ఇచ్చింది. 14440. ఆ నెంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే రికార్డు చేసిన గొంతు వచ్చి, బిళ్ళ చెల్లుతుందని చెబుతుంది. మనకు తెలుసు తల్లీ. చెప్పాల్సింది కొట్టువాడికి.

2023 ఫిబ్రవరిలో ఇంకో పరిష్కారం ప్రకటించారు. పన్నెండు నగరాల్లో ప్రయోగాత్మకంగా చిల్లర యంత్రాలు. నోటు పెట్టక్కర్లేదు. యంత్రం మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది. ఫోను తీసి, స్కాన్ చేసి, యూపీఐలో డబ్బు కడితే గలగలమంటూ బిళ్ళలు పడతాయి. ఆహా! స్మార్ట్‌ఫోను, డేటా, బ్యాంకు ఖాతా, యూపీఐ పిన్ను అన్నీ ఉన్నవాడికి చిల్లర. అవన్నీ ఉన్నవాడు టీ కొట్టులోనూ స్కానే చేస్తాడు కదయ్యా. చిల్లర ఎవరికి కావాలి? ఫోను లేనివాడికి. పొద్దున కూరగాయల గంప దింపుకుని, మధ్యాహ్నానికి పది రూపాయల బిళ్ళలు కొంగున ముడేసుకున్న ముసలామెకు. ఆమె ఆ బిళ్ళలిస్తే ఆటో అతను వద్దన్నాడు. మందుల కొట్టతను వద్దన్నాడు. ఆమె దగ్గర ఫోను లేదు.

14440కి మిస్డ్ కాల్ ఇవ్వమని చెప్పండి ఆమెకు.